తెర నల్లబడినప్పుడు

ఇంట్లో కంప్యూటరు తెర నల్లబడటం చిన్న విషయమే. కాని ఆ నల్లటి తెర ముందు కుటుంబ సభ్యులు ప్రవర్తించే తీరును గమనిస్తే ఆ ఇంటి స్వభావం ఎంతో కొంత తెలిసిపోతుంది. కొందరు పెట్టెను అరచేతితో చరుస్తారు. కొందరు వెంటనే దుకాణానికి ఫోను చేస్తారు. చాలా ఇళ్ళలో మాత్రం మొట్టమొదట వినిపించే మాట ఒక్కటే: “నిన్న దీని ముందు ఎవరు కూర్చున్నారు?” యంత్రానికి ఏమైందో తెలుసుకోకముందే దానిని పాడుచేసింది ఎవరో తేల్చాలన్న ఆత్రుత మనలో పుడుతుంది. దోషం వేరు, దోషి వేరు. దోషాన్ని వెతకటానికి ఓపిక కావాలి. దోషిని వెతకటానికి గొంతు ఉంటే చాలు.

తిరుపతిలో ఒక పాఠశాల కంప్యూటరు గదిని చూసుకునే ఉద్యోగం నాది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనాలు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు వానలను తెస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన దృశ్యం ఇంకా ఎవరూ మరచిపోలేదు. అంతటి వాన పడకపోయినా, గోడల చెమ్మ, పిడుగులతో కూడిన రాత్రులు, పోతూ వస్తూ ఉండే కరెంటు, ఇవన్నీ కలిసి ఈ కాలంలో కంప్యూటర్లను తరచూ ఇబ్బంది పెడతాయి. తెర నల్లబడిందని నా దగ్గరికి వచ్చిన వాటిలో నిజంగా చచ్చిపోయిన తెరలు తక్కువ. వదులైన తీగ, నొక్కని మీట, దుమ్ము పట్టిన ముక్క, ఇలాంటి కారణాలే ఎక్కువ.

మొన్నటి వానాకాలంలో చిత్తూరులో ఉన్న నా చెల్లెలి దగ్గర నుంచి ఫజ్ర్ నమాజు అయిన కొద్దిసేపటికే ఫోను వచ్చింది. ఆమె భర్త మరణించి మూడేళ్ళయింది. ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని పాఠశాలల ప్రశ్నాపత్రాలు, పెళ్ళి పత్రికలు టైపు చేస్తూ, ఇరుగుపొరుగు వారి దరఖాస్తులు నింపుతూ కుటుంబాన్ని నడుపుతోంది. “భాయిజాన్, తెర నల్లబడిపోయింది. ముగ్గురు ఆడపిల్లల స్కాలర్‌షిప్పు కాగితాలు ఇందులోనే ఉన్నాయి. ఎల్లుండి ఆఖరు తేదీ. దుకాణం వాళ్ళు మొత్తం చెరిపేసి మళ్ళీ వేయాలంటున్నారు, లేదా కొత్తది కొనమంటున్నారు” అంది. తరువాత గొంతు తగ్గించి, “పిల్లవాడు రాత్రి నుంచి అన్నం తినలేదు. వాడే పాడుచేశాడని చాచా అందరి ముందూ అన్నారు” అని చెప్పింది.

ఆ యంత్రంలో రెండు అమానతులు ఉన్నాయని నాకు అనిపించింది. మొదటిది ఆ ముగ్గురు ఆడపిల్లల కాగితాలు. రెండవది తండ్రి లేని పదకొండేళ్ళ పిల్లవాడి పరువు. కాగితాలు పోతే ఏదో ఒక విధంగా మళ్ళీ తెచ్చుకోవచ్చు. పెద్దలందరి ముందు పోయిన పరువును తిరిగి తెచ్చుకునే దారి పిల్లవాడికి తెలియదు.

చంద్రగిరి, పూతలపట్టు మీదుగా బస్సులో చిత్తూరు బయలుదేరాను. ఆ దారికి చేరువలోనే గాదంకి ఉంది. అంతరిక్ష శాఖకు చెందిన జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల అక్కడ పనిచేస్తోంది. అక్కడి ఎంఎస్‌టీ రాడారు 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపి, తిరిగివచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనులను బట్టి కంటికి కనిపించని గాలుల వేగాన్నీ దిశనూ లెక్కిస్తుంది. కనిపించని దానిని గురించి మాట్లాడాలంటే ముందుగా దానిని ప్రశ్నించాలి, ఆ తరువాత జవాబు కోసం చెవియొగ్గాలి. నల్లబడిన తెర విషయంలోనూ ఇంతకన్నా వేరే పద్ధతి లేదు.

సాక్షిని ముందుగా అడగాలి

నేను చేరేసరికి జుహర్ దాటింది. ఇంట్లో పిల్లవాడి దాదీ, చాచా, పక్కింటి ఇద్దరు స్త్రీలు ఉన్నారు. చాచా చెడ్డ మనిషి కాదు. అన్న పోయిన నాటి నుంచి ఆ పిల్లవాడి బడి ఫీజు కడుతున్నది ఆయనే. “భాయ్‌సాబ్, ఎప్పుడు చూసినా క్రికెట్ ఆటే. చివరికి మిషను పోయింది” అన్నారు. నేను ఆయనతో వాదించలేదు. గది మూలలో నిలబడి ఉన్న పిల్లవాడిని పిలిచి, “బేటా, చివరిసారి తెర వెలిగినప్పుడు నువ్వే ఉన్నావు కదా. ఏం చూశావో వరుసగా చెప్పు” అని అడిగాను.

అప్పటిదాకా ఎవరూ వాడిని ఆ ప్రశ్న అడగలేదు. వాడు నెమ్మదిగా మొదలుపెట్టాడు. మగ్రిబ్ తరువాత బడిలో ఇచ్చిన పని చేసుకుంటున్నాడు. ఇషా వేళకు ఉరుములు మొదలయ్యాయి. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. ఇలా మూడుసార్లు జరిగింది. అమ్మ చెప్పగానే స్విచ్చు ఆపి ప్లగ్గు తీసేశాడు. తెల్లవారి అమ్మ పని మొదలుపెట్టబోతే లోపల ఫ్యాను తిరిగింది కాని తెర రాలేదు. “మానిటరు దీపం కాసేపు నీలంగా ఉండి తరువాత నారింజ రంగుకు మారింది మామూ. క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు మీద దీపం కూడా వెలగలేదు. ఈ మాట చెప్పబోయాను, ఎవరూ వినలేదు” అన్నాడు.

అందరూ నేరస్థుడనుకున్న వాడే ఆ గదిలో అందరికన్నా మంచి సాక్షి. మానిటరు మీది చిన్న దీపం అసలు వెలగకపోతే దానికి విద్యుత్తు అందటం లేదని అర్థం. నారింజ రంగులో ఉంటే, విద్యుత్తు అందుతోంది కాని కంప్యూటరు నుంచి సంకేతం రావటం లేదని సాధారణంగా అర్థం. క్యాప్స్ లాక్ మీట నొక్కినప్పుడల్లా కీబోర్డు మీది దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే, తెర నల్లగా ఉన్నా లోపల కంప్యూటరు పనిచేస్తోందన్న మాట. వెలగకపోతే, యంత్రం నిద్ర లేచే దశలోనే ఆగిపోయి ఉండవచ్చు. పిల్లవాడు చెప్పిన రెండు మాటలతో సగం వెతుకులాట తీరిపోయింది.

ఒక్కొక్క దీపాన్ని కప్పి చూడటం

దాదాపు వెయ్యేళ్ళ క్రితం బస్రాలో పుట్టి కైరోలో జీవితం గడిపిన ఇబ్నుల్ హైసమ్ కాంతిని గురించి “కితాబుల్ మనాజిర్” అనే గ్రంథం రచించాడు. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకటం వల్ల చూపు కలగదనీ, వస్తువు నుంచి వచ్చే కాంతి కంటిలో ప్రవేశించటం వల్లనే కలుగుతుందనీ నిరూపించిన శాస్త్రజ్ఞుడాయన. ఆయన ప్రయోగాల్లో ఒకటి నాకు ఎంతో ఇష్టం. చీకటి గదికి ఒక చిన్న రంధ్రం. దానికి ఎదురుగా బయట వేర్వేరు చోట్ల పెట్టిన అనేక దీపాలు. గది లోపలి గోడ మీద ఎన్ని దీపాలుంటే అన్ని వెలుగు మచ్చలు. ఏదైనా ఒక దీపాన్ని కప్పితే దానికి సంబంధించిన మచ్చ ఒక్కటే మాయమవుతుంది. తీస్తే అదే మళ్ళీ కనిపిస్తుంది. ఒక్కసారికి ఒక్కటి మాత్రమే మార్చి, ఏం మారిందో చూడటం. యంత్రాలను బాగుచేసే పని అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. నాలుగు తీగలను ఒకేసారి పీకి, నాలుగింటినీ ఒకేసారి గుచ్చితే తెర వెలిగినా కారణం తెలియదు.

మేమూ అలాగే మొదలుపెట్టాం. మానిటరుకు విద్యుత్తు ఉండగానే కంప్యూటరు నుంచి వచ్చే తీగను వెనుక నుంచి తీశాం. తెర మీద, తీగ లేదని తెలిపే చిన్న పెట్టె ప్రత్యక్షమై అటూ ఇటూ కదలసాగింది. ఆ పెట్టెను మానిటరు తనంతట తానే చూపుతుంది. కనుక మానిటరు బతికే ఉంది, దాని వెలుగూ బాగానే ఉంది. కొత్త మానిటరు కొనవలసిన అవసరం అక్కడితో తీరిపోయింది. తరువాత తీగ చివర్లు చూశాం. ఆ పాత వీజీఏ తీగలో మూడు వరుసల్లో పదిహేను సూదుల చోట్లు ఉంటాయి. ఏదీ వంగలేదు. పక్కింటి నుంచి మరొక తీగ తెచ్చి పెట్టినా ఫలితం మారలేదు. కనుక తీగ కూడా నిర్దోషి.

ఇక మిగిలింది సీపీయూ పెట్టె. స్విచ్చు ఆపి, ప్లగ్గు పూర్తిగా తీసి, లోపల మిగిలిన విద్యుత్తు పోయేందుకు పవర్ మీటను పది సెకన్లు నొక్కి పట్టమని పిల్లవాడికి చెప్పాను. పక్క పలక తెరిచి, చేతిలోని స్థిర విద్యుత్తు ముక్కలకు తగలకుండా ముందుగా పెట్టె ఇనుప చట్రాన్ని తాకాం. లోపల రెండు ర్యామ్ పలకలు ఉన్నాయి. రెండింటినీ తీసి, బంగారు రంగు అంచులను పొడి నూలుగుడ్డతో తుడిచాం. మొదటి పలక ఒక్కటే పెట్టి చూశాం. తెర నల్లగానే ఉంది. అన్నీ ఆపి, దానిని తీసి రెండవది పెట్టాం. తెర మీద తెల్లని అక్షరాలు వచ్చాయి. చెల్లెలు “అల్‌హమ్దులిల్లాహ్” అంది. అక్కడితో ఆగలేదు. చెడిపోయింది పలకా, అది కూర్చునే గాడా అని తేల్చవలసి ఉంది. పనిచేసిన పలకను రెండవ గాడిలో పెట్టాం, పనిచేసింది. పనిచేయని పలక ఏ గాడిలోనూ పనిచేయలేదు. ఒక ర్యామ్ పలక చచ్చిపోయింది. మిగిలినదంతా క్షేమం.

ఆ పలక ఎందుకు చెడిపోయింది? ఆ రాత్రి కరెంటు ఎగుడుదిగుడులే కారణమా, పలక వయసే కారణమా అని ఖచ్చితంగా చెప్పటానికి మా దగ్గర ఆధారం లేదు. ఆధారం లేనిచోట ఆగిపోవటం కూడా సత్యంలో భాగమే. అయితే ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. మామూలు క్రికెట్ ఆట ఆడినంత మాత్రాన ర్యామ్ పలక చావదు. దస్త్రాలు దాచుకునే హార్డ్ డిస్కు వేరు, ర్యామ్ వేరు. తెర నల్లబడినంత మాత్రాన లోపలి కాగితాలు చెరిగిపోవు. మొత్తం చెరిపేసే పనికి ఒప్పుకుని ఉంటే, చెడిపోయిన పలక అలాగే ఉండేది. చెడిపోని కాగితాలు మాత్రం పోయేవి. ఒక్క పలకతో యంత్రం కొంచెం నెమ్మదిగా నడిచింది. ఆ రాత్రికే ముగ్గురు పిల్లల దరఖాస్తులూ వెళ్ళిపోయాయి.

అడగటమే మందు

జాబిర్ (రజి) తెలిపినట్లుగా అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు గాయమైంది. ఆ తరువాత అతనికి స్నానం విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్ళు ఉన్నాయి కనుక మినహాయింపు లేదని వారు చెప్పారు. అతను స్నానం చేసి మరణించాడు. విషయం తెలిసిన దైవప్రవక్త (స) ఎంతో బాధపడి వారిని తీవ్రంగా మందలించారు. తెలియనప్పుడు అడగవలసిందనీ, తెలియనితనానికి మందు అడగటమేననీ బోధించారు. అక్కడ చెడు ఉద్దేశం ఎవరికీ లేదు. తెలియకుండా చెప్పిన తీర్పే ప్రాణం తీసింది.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ అధ్యాయం వచ్చిన వార్తను నిర్ధారించుకోమని ఆదేశిస్తుంది. లేకపోతే తెలియక ఇతరులకు హాని చేసి, తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరిస్తుంది. అదే అధ్యాయం అనుమానాలకు దూరంగా ఉండమని కూడా చెబుతుంది. ఈ ఆదేశాలను మనం ఊరి గొడవలకు, ఫోనుల్లో వచ్చే పుకార్లకు అన్వయించుకుంటాం. మన ఇంటి పిల్లల విషయంలో అన్వయించుకోవటం మాత్రం అరుదు. పిల్లవాడు ఎదురు చెప్పలేడు కనుక మన అనుమానమే తీర్పు అయిపోతుంది.

ఆ రోజు అసర్ నమాజుకు ముందు నేను చాచాతో విడిగా ఒక్క మాట అన్నాను. “నింద నలుగురి ముందు పడింది. అది తొలగటం కూడా ఆ నలుగురి ముందే జరిగితే బాగుంటుంది.” ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. మస్జిదు నుంచి తిరిగివచ్చాక, దాదీ, పక్కింటివారు ఉండగానే పిల్లవాడి తల మీద చేయి వేసి, “బేటా, నిన్ను అడగకుండానే అనేశాను. తప్పు నీది కాదు” అన్నారు. పెద్దవాడు పిల్లవాడితో ఇలా అనటం సులభం కాదు. నా దృష్టిలో ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన అన్ని మరమ్మతుల్లోకీ పెద్దది అదే. పిల్లవాడు కొంతసేపు తలవంచుకుని, తరువాత మెల్లగా అడిగాడు: “అయితే క్రికెట్ ఆటను ఉంచవచ్చా చాచా?” అందరూ నవ్వారు. రోజుకు అరగంట అని ఒప్పందం కుదిరింది.

ఇంట్లో చేయదగినవి, చేయకూడనివి

పాఠకుల ఇళ్ళలో ఉపయోగపడుతుందని కొన్ని విషయాలు వరుసగా చెబుతాను. తెర నల్లబడితే ముందుగా గోడ స్విచ్చు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, మానిటరు వెనుక విద్యుత్ తీగ గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. తరువాత మానిటరు దీపం రంగు చూడండి. ఆ తరువాత తీగ రెండు చివర్లనూ తీసి మళ్ళీ బిగించండి. మానిటరు మీట నొక్కి వీజీఏనా, హెచ్‌డీఎంఐనా, సరైన మార్గం ఎంచుకుని ఉందో లేదో సరిచూడండి. సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీగను దానికే తగిలించాలి. మదర్‌బోర్డు రంధ్రానికి తగిలిస్తే తరచూ తెర రాదు.

దీపం మామూలుగా వెలుగుతూ తెర మాత్రం చీకటిగా ఉంటే, గదిలో వెలుతురు తగ్గించి టార్చిలైటును తెర మీదికి ఏటవాలుగా వేసి చూడండి. మసకగా బొమ్మలు కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనుక వెలుగు ఆగిపోయిందని అర్థం. ఎందుకంటే ఎల్‌సీడీ తెరలోని ద్రవస్ఫటికాలు స్వయంగా వెలగవు. వెనుక నుంచి వచ్చే కాంతిని కొంత ఆపుతూ, కొంత వదులుతూ బొమ్మను ఏర్పరుస్తాయి. 1888లో ఆస్ట్రియాకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జర్ ఈ పదార్థాల వింత గుణాన్ని గుర్తించాడు. మన పొరుగున ఉన్న బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం 1977లో వీటిలో పళ్ళెం ఆకారపు అణువులతో కూడిన కొత్త రకాన్ని కనుగొంది.

ఇక చేయకూడనివి. మానిటరు వెనుక డొప్పను, సీపీయూలోని విద్యుత్ పెట్టెను ఇంట్లో ఎవరూ తెరవకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పాత గాజు గొట్టం మానిటర్లలో అది వేల వోల్టుల్లో ఉంటుంది. కాలిన వాసన, పొగ వస్తే వెంటనే మెయిన్ ఆపి, తెలిసిన పనివారిని పిలవాలి. పిల్లలు ఒంటరిగా పెట్టె తెరవకూడదు. ఉరుములు మొదలు కాకముందే విద్యుత్ ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ తీగను కూడా తీసేయాలి. పిడుగు ప్రభావం ఆ దారిలోనూ రావచ్చు. ఇంటి ఎర్తింగు సరిగా ఉందో లేదో ఏడాదికి ఒకసారి ఎలక్ట్రీషియనుతో చూపించుకోవాలి. వోల్టేజి తరచూ హెచ్చుతగ్గులవుతుంటే 1912 నంబరుకు ఫోను చేసి నమోదు చేయించవచ్చు. జీవనాధారమైన కాగితాలను పెన్‌డ్రైవులో మరొక ప్రతి ఉంచుకోవాలి. ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధకు నేటి ఆచరణ ఇదే.

బాగుపడగల వస్తువును పారవేయటం కూడా దుబారాయే. అల్ ఇస్రా అధ్యాయం దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొంటుంది. నిజంగా చెడిపోయిన పాత మానిటరును చెత్తకుప్పలో వేయకండి. గాజు గొట్టాల మానిటర్లలో సీసం, పాత ఎల్‌సీడీల వెనుక గొట్టపు దీపాల్లో పాదరసం ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని రీసైకిల్ చేయవలసింది నమోదైన సంస్థలే.

అన్నిటికన్నా ముందు చేయవలసింది ఒక్కటే. యంత్రం ఆగినప్పుడు దాని దగ్గర చివరగా ఉన్న వ్యక్తిని నిలదీయకుండా, కూర్చోబెట్టి అడగండి. ఏం చూశావు, ఏం విన్నావు, ఏ రంగు దీపం వెలిగింది? భయం లేని ఇంట్లో పిల్లలు నిజం చెబుతారు. భయపడే ఇంట్లో తమకు తెలిసిన నిజాన్ని కూడా మింగేస్తారు. అప్పుడు యంత్రమూ బాగుపడదు, మనసూ బాగుపడదు. మన చెవి, కన్ను, హృదయం వీటన్నిటి గురించీ రేపు మనల్ని ప్రశ్నించటం జరుగుతుందన్న స్పృహ ఉన్నవారు, నోరు తెరవటానికి ముందు వాటిని ఉపయోగిస్తారు. విచారించి మాట్లాడే ఓపికను, చిన్నవారి మాటను కూడా ఆలకించే వినయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.